మంగళవారపు విశ్లేషకుడు

తెలుగునాట గత పదేళ్లలో తలెత్తిన సామాజిక వర్గాలలో ఏ కులగణనకూ ఇంతవరకు చిక్కనిది అంతర్జాల విశ్లేషకుల వర్గం. ఒకప్పుడు ఏదో ఒక దినపత్రికలో మండల విలేకరిగానో, డెస్కులో ఉపసంపాదకుడిగానో పనిచేసి, ఆ పత్రిక పుటలు తగ్గించుకున్న రోజుల్లో బయటికి వచ్చి, ఇంట్లో వెనకగదికి ఒక రింగ్ లైటు, ఒక కాలర్ మైకు, పుస్తకాల బీరువా బొమ్మ అచ్చువేసిన ఒక తెర సమకూర్చుకుని, నిత్యం లోకవ్యవహారాన్ని జనానికి విడమరచి చెప్పే పెద్దమనిషిని ఈ వర్గానికి ప్రతినిధిగా గ్రహించవచ్చు. ఆయన వయస్సు యాభైకి అటూ ఇటూగా ఉంటుంది. గొంతులో తొందరపాటు ఉండదు. సందేహమనేది అసలే ఉండదు.

ఈ రకానికి తెలుగు సాహిత్యంలో పూర్వీకుడు లేకపోలేదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు రాసిన ‘సాక్షి’ వ్యాసాలలో జంఘాలశాస్త్రి కూడా దొరికిన ప్రతి విషయం మీదా ఊపిరి సలపకుండా ఉపన్యసించినవాడే. అయితే శాస్త్రి ధాటి ఎంతటిదైనా పత్రిక ఇచ్చిన స్థలం అయిపోగానే ఆగవలసి వచ్చేది. నేటి విశ్లేషకుడికి ఆ ఇబ్బంది లేదు సరికదా, ఆగితే నష్టపోయే ఏర్పాటు ఒకటి ఉంది. యూట్యూబులో వీడియో నడుమ ప్రకటనలు చొప్పించుకోవాలంటే దాని నిడివి కనీసం ఎనిమిది నిమిషాలు ఉండాలి. 2020 జులై వరకు ఈ హద్దు పది నిమిషాలు కాగా, ఆ తర్వాత తగ్గించారు. అంతకంటే ముందు, ప్రకటనల ఆదాయంలో వాటా దక్కాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, అనగా చానల్‌కు నమోదైన ప్రేక్షకులు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ సంపాదించాలన్న షరతు 2018 నుంచి ఉంది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌకై పల్లెపల్లెకూ చేరింది గనుక ప్రేక్షకులకు కొదవ లేకపోయింది. వారిని ఎనిమిది నిమిషాలు కూర్చోబెట్టడమే విద్య అయింది. పాల ప్యాకెట్ ధర రెండు రూపాయలు పెరిగిందన్న వార్తకు నాలుగు సెకన్లు చాలు. మిగిలిన ఏడు నిమిషాల యాభైయారు సెకన్లను నింపడానికి ముందు నేపథ్యం, తర్వాత నేపథ్యానికి నేపథ్యం, ఆపైన అమెరికా ఫెడరల్ రిజర్వు అవసరమవుతాయి. విశ్లేషకుడి లోతు ఎక్కడినుంచి వచ్చిందో వెతికేవారు ఆయన చదువులోకి వెళ్లనక్కరలేదు. ఈ ఎనిమిది నిమిషాల నిబంధన చూస్తే చాలు.

విషయం ఏదైనా ఆయన శైలికి కొన్ని స్థిరమైన అంగాలున్నాయి. మొదటిది థంబ్‌నెయిల్, అంటే వీడియో తెరవకముందు కనిపించే ముఖపత్రం. దీనిలో ఒక నాయకుడు తల పట్టుకుని ఉంటాడు, మరొకరు నవ్వుతుంటారు, ఇద్దరి నడుమ ఎర్రబాణం ఒకటి ఉంటుంది, పైన ‘బిగ్ షాక్’ అని ఉంటుంది. ఆ షాకు ఎవరికి తగిలిందో ఏడో నిమిషానికి గాని తెలియదు. చాలాసార్లు అది చూసినవారికే తగులుతుంది. రెండవది ‘అత్యంత విశ్వసనీయ వర్గాలు’. పరిశీలిస్తే ఈ వర్గాలలో సచివాలయం ఎదుట టీకొట్టు దగ్గర నిలబడే పాత సహోద్యోగి ఒకరు, మంత్రిగారి కారును ఒకప్పుడు నడిపి మానేసినవారు ఒకరు, నిన్నటి ఆయన వీడియోనే చూసి దాన్ని వార్తగా తిరిగి చెప్పే బావమరిది ఒకరు తేలతారు.

అయితే ఈ వర్గపు అసలు ప్రతిభ బయటపడేది ఆర్థికశాస్త్రంలోనే, అందులోనూ మంగళవారాలలో. రాష్ట్ర ప్రభుత్వాలు తమ బాండ్లను, అంటే ఫలానా గడువులో వడ్డీతో తీరుస్తామన్న రుణపత్రాలను, రిజర్వు బ్యాంకు ద్వారా వేలం వేసి అప్పు తెచ్చుకుంటాయి. ఆ వేలం సాధారణంగా మంగళవారం జరుగుతుంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు చేయాలంటే రాజ్యాంగంలోని 293వ అధికరణం ప్రకారం కేంద్రం సమ్మతి కావాలి, అప్పుకు ఏటా ఒక పరిమితీ ఉంటుంది. ఇంత నిస్సారమైన గుమాస్తా వ్యవహారం నుంచి ఆయన ప్రతివారం ఒక ప్రళయాన్ని పిండగలడు. మంగళవారం ఉదయం ఆయన ముఖం గంభీరంగా ఉంటుంది. రాష్ట్రం శ్రీలంక కాబోతోందని మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది డాలర్లు నిండుకోవడం వల్లనని, ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని ఈ బాండ్లమీద తెచ్చే అప్పు రూపాయల్లోనే ఉంటుందని ఎవరైనా వ్యాఖ్యల్లో గుర్తుచేస్తే, వారు ఫలానా పార్టీవారని ఆయన అభిమానులు క్షణంలో నిర్ధారిస్తారు. రాష్ట్రాల అప్పు ఆందోళన పడవలసిన విషయమే, అందులో సందేహం లేదు. కాని ఆ బాండ్లను కొనేది బ్యాంకులు, బీమా సంస్థలు, భవిష్యనిధులు గనుక, వీడియో చూస్తూ గుండెలు బాదుకుంటున్న ఉద్యోగి పీఎఫ్ సొమ్ము కూడా ఆ అప్పిచ్చినవారిలో ఉండవచ్చునన్న మాట మాత్రం ఆయన నోట వినబడదు. ప్రేక్షకుడు తాను ఋణదాతనని తెలుసుకుంటే భయపడటం మాని వడ్డీ ఎంతని అడుగుతాడేమో!

2023 డిసెంబరులో తెలంగాణలోను, 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లోను ప్రభుత్వాలు మారినప్పుడు ఈ శాస్త్రానికి ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. మంగళవారాలు మారలేదు, వేలాలు ఆగలేదు. నిన్నటిదాకా ‘అప్పుల కుప్ప’ అన్న చానల్ అదే వేలాన్ని ‘నిధుల సమీకరణ’ అనవలసి వచ్చింది. నిన్నటిదాకా నిధులు సమీకరించిన చానల్‌కు కుప్ప కనబడసాగింది. సామాన్లు సర్దుకునే శ్రమ కూడా లేకుండా రెండు శిబిరాలవారూ ఒకరి ఇంట్లోకి ఒకరు మారిన ఈ ఘట్టం మన పాత్రికేయ చరిత్రలో నమోదు కాకపోవడం లోపమే.

రాజకీయంలో ఆయనకు స్వర్ణయుగం 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగుకూ జూన్ 4న లెక్కింపుకూ నడుమ గడిచిన మూడు వారాలు. తెలిసినదల్లా ఒక్కటే: పోలింగు 80 శాతం దాటింది, కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాకా బారులు సాగాయి. ఇంత ఓటు పడిందంటే అది ప్రభుత్వం మీద ఆగ్రహమని ఒకరు, పథకాలు అందుకున్న మహిళల కృతజ్ఞత అని మరొకరు, పగలు ఆగ్రహంగాను రాత్రి కృతజ్ఞతగాను ఉండవచ్చునని, ఏదైనా ‘అండర్‌కరెంట్’ బలంగా ఉందని మూడవవారు వివరించారు. అండర్‌కరెంట్ అనగా పైకి కనబడకుండా లోలోపల పారే జనాభిప్రాయం. ఫలితం వచ్చేవరకు అది ఎటు పారుతోందో చెప్పనవసరం లేకపోవడం దాని సుగుణం. 2019లో 151 స్థానాలు గెలిచిన పార్టీకి ఈసారి 175లో 11 మిగిలాయి. జూన్ 3న ఇలా చెప్పినవారు అరుదు. జూన్ 5న ముందే చెప్పామన్నవారు కోకొల్లలు. పాత వీడియోలో ‘ఏదైనా జరగవచ్చు’ అన్న ముక్కను కత్తిరించి సాక్ష్యంగా చూపినవారి చిత్తశుద్ధిని శంకించడం తగదు, ఎందుకంటే ఆ మాట వారు నిజంగానే అన్నారు.

నిత్యజీవితం మీద ఆయన పరిశీలనలు ఇంతకంటే క్లుప్తం. టమాటా కిలో వంద దాటిన 2023 జులైలో దళారుల కుట్ర. అదే టమాటాను ధర లేక మదనపల్లె రైతులు పారబోస్తే మళ్లీ దళారుల కుట్ర. వానకు, పంటకాలానికి, శీతల గిడ్డంగులకు థంబ్‌నెయిల్‌లో పెట్టడానికి ముఖాలు లేవు కాబట్టి వాటి ప్రమేయం తక్కువ. డల్లాస్ తెలుగువారి వీక్షణకు ఇక్కడివారి వీక్షణ కంటే ప్రకటనల ధర ఎక్కువ పలుకుతుంది గనుక, 2025 సెప్టెంబరులో అమెరికా ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మాత్రం ఆయన గుంటూరు మిర్చిని కూడా విడిచిపెట్టి, అక్కడివారికి తెల్లవారే వేళ చూసి లైవ్ పెట్టాడు.

ఇన్ని విషయాలమీద ధారాళంగా మాట్లాడే ఈ వర్గానికి ఒకే ఒక్క విషయంమీద గొంతు పెగలదు. హైదరాబాద్ మహానగర పరిధిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, న్యాయమూర్తులు, అఖిలభారత సర్వీసుల అధికారులతోపాటు పాత్రికేయుల గృహనిర్మాణ సంఘాలకూ చేసిన స్థలాల కేటాయింపులు సమానత్వ హక్కుకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న కొట్టివేసింది. తన సభ్యత్వ రసీదు బీరువాలో, అసలైన బీరువాలో, ఉన్న విశ్లేషకుడికి ఆనాడు నేపథ్యం గుర్తురాలేదు, విశ్వసనీయ వర్గాలు ఫోనెత్తలేదు. తీర్పును గౌరవించాలని, కష్టజీవుల గోడు కూడా వినాలని చెప్పి మూడు నిమిషాల్లో ముగించాడు. నడుమ ఒక్క ప్రకటన కూడా రాలేదు. అది సోమవారం. మరునాడు వేలం ఉంది గనుక రాత్రి త్వరగా పడుకుని, ఉదయానికల్లా శ్రీలంకకు సిద్ధమయ్యాడు.