ధర్మపురిలో డెన్మార్క్

మార్గళి నెల పుట్టింది మొదలు మా ఇంట్లో కాఫీ తాగడం కుదరడం లేదు. ఆస్వాదించాలట. లోటా రెండు చేతులా పట్టుకోవాలి, కిటికీ దగ్గర కూర్చోవాలి, ఆవిరి చూడాలి, పేపరు ముట్టకూడదు. కిటికీ అవతల మంచుకొండలేమీ లేవు. పక్కింటాయన మోపెడ్, నీళ్ళ డ్రమ్ము, దానిమీద ఆరేసిన గోనెసంచి. వాటిని ఎంతసేపని చూస్తాం? ఈలోగా కాఫీ చల్లారిపోతుంది. "చల్లారనీ నాయనా, తొందరేముంది?" అంటుంది మా అమ్మాయి.

ఈ మాట చెప్పడానికి ఆమె శనివారం చీకటితోనే బెంగుళూరులో బయల్దేరి, హోసూరు, కృష్ణగిరి దాటి, దారిలో ఉన్న లారీలన్నిటినీ వెనకేసి, టిఫిన్ వేళకి తమిళనాడు ధర్మపురిలోని మా గుమ్మంలో దిగుతుంది. నిదానాన్ని ఇంత వేగంగా మోసుకొచ్చే మనిషిని నేనెక్కడా చూడలేదు.

చలికాలంలో మనిషి మెల్లగా, వెచ్చగా, ముడుచుకుని బతకాలట. మైక్ వైకింగ్ అనే డెన్మార్క్ ఆయన 2016లో దీనిమీద ఒక బుల్లి పుస్తకం వేశాడు. ఆయన్ని నేనేమీ అనను. డిసెంబరులో కోపెన్‌హాగన్‌లో పగలు ఏడు గంటలే. మిగతా పదిహేడు గంటలూ ఏం చేస్తారు పాపం, కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటారు. మా ఊళ్ళో ఏడాదికెల్లా పొట్టి పగలు కూడా పదకొండు గంటలు దాటుతుంది. పైగా వాతావరణ శాఖ లెక్కలో డిసెంబరు అసలు చలికాలమే కాదు, ఈశాన్య రుతుపవనాల కాలం. చలికాలమంటే జనవరి, ఫిబ్రవరి. ఆ ఫిబ్రవరి గడిచేలోగానే ఇక్కడ ఫ్యాను దుమ్ము దులుపుకోవాలి. తెల్లవారుజామున మఫ్లరు కావాలి, కాదనను. పది దాటాక ఆ మఫ్లరుతోనే చెమట తుడుచుకుంటాం. ఇలాంటి ఊళ్ళో నాకు ఊలు మేజోళ్ళు!

మేజోళ్ళు భరించాను. కొవ్వొత్తి దగ్గరే నా ఓర్పు కరిగిపోయింది. గాజు గ్లాసులో పోసిన లావెండర్ కొవ్వొత్తి అది. రాత్రి ఏడింటికి ట్యూబులైటు ఆర్పేసి దీన్ని వెలిగిస్తుంది. కరెంటు ఉండగా! 2012లో తమిళనాడు కరెంటు కోతలతో అల్లాడిన రోజులు ఈ పిల్ల మరిచిపోయినట్టుంది. అప్పుడు కొవ్వొత్తికి గాజు గ్లాసు ఎక్కడిది? బోర్లించిన డబరా మీద నాలుగు చుక్కలు మైనం కార్చి నిలబెట్టేవాళ్ళం. ఆ వెలుతురులో ప్లస్ టూ పుస్తకం ముందేసుకుని, ఒక చేత్తో దోమలు కొట్టుకుంటూ, ఇంకో చేత్తో విసురుకుంటూ ఈవిడగారే ప్రభుత్వాన్ని అనరాని మాటలు అనేది. కరెంటొస్తే వీధంతా ఒక్కసారిగా "వచ్చె, వచ్చె!" అని కేకలు. అప్పు చేసి ఇన్వర్టరు కొన్నాం. ఇప్పుడది సంక్రాంతికి పిలవని అల్లుడిలా మూల కూర్చుని ముఖం మాడ్చుకుంటోంది. ఇంకో ముచ్చట: వెలుగుతున్న కొవ్వొత్తిని వదిలి వెళ్ళకూడదని ఆ గ్లాసుకి చీటీ అంటించి ఉంది. అది పూర్తిగా కాలడానికి ఎన్నో గంటలు పడుతుంది. అంటే ప్రశాంతంగా ఉండటమనే పనిలో నాకు దీపం కాపలా ఉద్యోగం. వెనకటికి తగడూరుగా ఉన్న ఈ ఊరిని ఏలిన అదియమాన్, ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా అవ్వైయార్‌కి ఇచ్చాడని చెబుతారు. అందులో ఒక ముక్క నాకు మిగిల్చి ఉంటే కాపలా కాద్దును. ఉన్న ఆయుష్షులో కుదరదు. వాసనకి దోమలైనా పోతాయా అంటే, అవీ మెల్లగా ఆస్వాదించడం మొదలుపెట్టాయి.

మొన్న శనివారం ఈ నిదానం వంటింట్లోకీ దూరింది. 1986లో రోమ్‌లో హాంబర్గర్ దుకాణం పెడుతుంటే కార్లో పెట్రిని అనే ఆయన ఎదురు నిలిచి, తీరిగ్గా వండి తీరిగ్గా తినాలని ఉద్యమమే లేవదీశాడట. అందుకని మనం కుక్కరు మానేసి కుండలో రాగిసంగటి చేద్దామంది. చేద్దామన్నది అమ్మాయి, సరేనన్నది నేను, చేసింది మా ఆవిడ. కుండ దించి, కాళ్ళతో అదిమిపట్టి, కట్టెతో ఆ పిండిని గెలుకుతుంటే భుజాలు ఊడొస్తాయి. అమ్మాయి ఫోనులో వీడియో తీస్తూ, "చూడు నాయనా, ఎంత ప్రశాంతంగా ఉందో!" అంది.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మార్గళి మంచులో కోడి కూయకముందే లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, పచ్చికట్టెలు ఊది ఊది ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచేది. ఆ పొగ వాసన రాగానే మేం దుప్పట్లో ఇంకాస్త ముడుచుకునేవాళ్ళం. చలికాలపు వెచ్చదనమంటే నాకిప్పటికీ ఆ దుప్పటే. కాచిన నీళ్ళలో అవ్వ వంతుకి ఒక చెంబైనా మిగిలేదా అని మాలో ఎవరమూ అడగలేదు.

సంగటి బాగా కుదిరింది. తిన్నాక అమ్మాయి, "గిన్నెలు రేపు చూసుకోవచ్చులేమ్మా, నువ్వూ వచ్చి కూర్చో" అంది.

"రేపు తోమేదెవరే?" అంది మా ఆవిడ.

నేను లేచి, తొట్టి దగ్గర పీట వేసుకుని పీచు అందుకున్నాను. రెండో గిన్నె తీసుకునేలోపే మా ఆవిడ వచ్చి నిలబడింది.

"మీరింత తాపీగా తోముతుంటే నాకిక్కడే తెల్లారుతుంది. లేవండి."