సర్వర్ అడ్మిన్ గారి సముఖానికి

విషయం: వాకిట్లో తూకం గురించి విన్నపం.

అయ్యా,

మా అమ్మాయి ఇంటర్ మెమో స్కాన్ తీయిస్తే 3 ఎంబీ తూగింది. తమ పోర్టల్‌లో "ఫైలు 5 ఎంబీ లోపు" అని ఉంది కదా అని ధైర్యంగా నొక్కాను. మూడుసార్లు "కనెక్షన్ తెగింది" అంది. మా నెట్‌ని తిట్టుకున్నాను. నాలుగోసారి 413 అంది. ఇంటి నంబరేమో అనుకున్నాను. "నీ సరుకు మా గుమ్మంలో పట్టదు" అని దాని తాత్పర్యమట.

నెట్ సెంటర్ కుర్రాడు విడమరిచి చెప్పాడు. తమ కొలువులో తూకందార్లు ముగ్గురు. వాకిట్లో ఎన్‌జినెక్స్: ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆయన కాటా 1 ఎంబీ దగ్గరే ఆగుతుంది. లోపల పీహెచ్‌పీ: తన మానాన వదిలేస్తే ఫైలుకి 2, మొత్తం ఫారానికి 8. బోర్డు రాసినాయన లెక్క 5. ముగ్గురికీ మాటల్లేవు కాబోలు!

పైగా బ్రౌజర్ బయల్దేరేటప్పుడే బరువు చీటీ ముందు పంపుతుందట. అది చూసి తమ ద్వారపాలకుడు వద్దంటాడు. మోత ధ్యాసలో బ్రౌజర్‌కి ఆ మాట ఒక్కోసారి వినబడనే వినబడదు. అదీ మా నెట్ తిట్లు తిన్న కథ.

"హద్దు తీసి సున్నా పెడితే పోలా?" అన్నాను. కుర్రాడు నవ్వాడు. అక్కడ సున్నా అంటే కొలవడమే మానేయడమట! ఎవడో ఆకతాయి జీబీలకు జీబీలు కుమ్మరిస్తే డిస్కు నిండి, నాబోటి వాళ్లమంతా వీధిన పడతాం. అపాచీ అనే మరో సర్వర్ కూడా ఏళ్ల తరబడి సున్నాతో నెట్టుకొచ్చి, 2022లో 2.4.54 నుంచి 1 జీబీకి కళ్లెం వేసుకుంది.

కాబట్టి హద్దు ఉంచండి, మూడు కాటాలూ కలపండి. ఫైలుకి 5 అన్నప్పుడు ఫారం బరువూ కలిసి వస్తుంది గనుక వాకిట్లో 6 పెట్టండి, అదీ అప్‌లోడ్ దారికి మాత్రమే. మోయకముందే పేజీలోనే బరువు చెప్పించండి. అలాగని కాపలా తీసేయకండి, పేజీ తనిఖీని దాటడం ఆకతాయికి చిటికెలో పని.

ఈ అర్జీ తెలుగులో ఉంది గనుక అక్షరానికి మూడు బైట్లు, గుణింతానికి ఆరు. అయినా పది కిలోబైట్లు దాటదు. దీన్నైనా లోపలికి రానివ్వండి.

ఇట్లు,
మూడు ఎంబీల ముద్దాయి