ఫీజు కట్టాం, ఓపెనింగ్ ఏదీ?

ఆదివారం పొద్దున ఏడింటికి ఎల్బీనగర్ చౌరస్తా నుంచి మన్సూరాబాద్ వైపు తిరిగితే స్కూటీల మీద కిట్ బ్యాగులు ఎదురొస్తాయి. ముందు తండ్రి, వెనక బ్యాగు. ఆ బ్యాగు చాటున ఎక్కడో పదకొండేళ్ల పిల్లాడు. మ్యాచ్ ఎనిమిదింటికి. టాస్ సంగతి ఇద్దరు కెప్టెన్లు తేల్చుకుంటారు కానీ, బ్యాటింగ్ ఆర్డర్ పంచాయితీ మాత్రం బౌండరీ బయట, చెట్టు కింద జరుగుతుంది. కోచ్ అట్టలో పెట్టుకున్న కాగితం మీద పేర్లు రాస్తుంటే భుజం మీంచి నాలుగు తలలు తొంగి చూస్తాయి. కొడుకు పేరు తొమ్మిదో వరసలో కనపడగానే ఒక తల మాట్లాడుతుంది: “గదేంది సార్? మావోడు నెట్స్‌ల దంచుతుండు గద, మ్యాచ్‌ల గింత కిందికి తోలుతున్రు?”

కోచ్ ఏదో నసుగుతాడు. ఆ వెంటనే ఫీజు మాట వస్తుంది. మూడు నెలలది ఒకేసారి కట్టామని, బ్యాటు మీరట్ నుంచి తెప్పించామని, పక్కింటి పిల్లాడు ఆలస్యంగా చేరినా వన్ డౌన్ వస్తున్నాడని. పక్కింటి పిల్లాడు బాగా ఆడతాడన్న విషయం మాత్రం ఆ లెక్కలోకి రాదు.

ఈ తండ్రిని ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. ఆయన దిల్‌సుఖ్‌నగర్ నీళ్లు తాగినవాడు. ఏళ్ల తరబడి ఆ కోచింగ్ సెంటర్ల సందుల్లో ఒకటే సూత్రం నడుస్తోంది: ఫీజు కడితే సీటు, సీటుతో మెటీరియల్, మెటీరియల్ బట్టీ పడితే ర్యాంకు. క్లాసులో నూరు మందిని కుక్కినా అందరికీ ఒకే పాఠం వినపడుతుంది. క్రీజులో మాత్రం ఇద్దరే నిలబడాలి. ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో ఒక జట్టుకు దక్కేవి 120 బంతులు. బౌలర్‌కు నాలుగు ఓవర్లకు మించకూడదు కాబట్టి అయిదుగురుంటే పని అయిపోతుంది. తొమ్మిదో నంబరు పిల్లాడు ఇరవై ఓవర్లూ లాంగాన్‌లో ఎండకు నిలబడి, రెండు బంతులు ఏరి విసిరి, ప్యాడ్లు కట్టుకుని కూర్చుని, విప్పేసి ఇంటికెళతాడు. స్కోరు పుస్తకం ప్రకారం వాడు మ్యాచ్ ఆడినట్టే.

ఈ లెక్క అకాడమీకి తెలియనిది కాదు. చేర్చుకునే రోజున చెప్పదు, అంతే. గేటు మీద ఫ్లెక్సీలో సిరాజ్, తిలక్ వర్మ నవ్వుతుంటారు. సిరాజ్ ఏ అకాడమీలోనూ ఫీజు కట్టి నేర్చుకున్నవాడు కాదు. ఆటో నడిపే తండ్రి సంపాదన మీద, టెన్నిస్ బంతితో గల్లీల్లో ఎదిగినవాడు. ఎలక్ట్రీషియన్ కొడుకు తిలక్‌ను చాంద్రాయణగుట్ట వైపు నుంచి లింగంపల్లి అకాడమీ దాకా బండి మీద తీసుకెళ్లింది కోచ్ సలామ్ బయాష్. “తిలక్ వర్మని చూడండి సార్” అని ఉదాహరణ చెప్పే తండ్రులకు ఆ కథలో ఫీజు రసీదు లేదన్న సంగతి ఎందుకో గుర్తుకు రాదు. ఫ్లెక్సీ కట్టించిన అకాడమీకి అసలే గుర్తుండదు.

ఇక ఆడపిల్లల ఆటల్లోకి వస్తే, సాఫ్ట్‌బాల్‌ది వేరే ముచ్చట. 1887లో చికాగోలో బాక్సింగ్ గ్లవ్‌ను బంతిగా కట్టి, కర్రతో కొట్టి మొదలుపెట్టిన ఆట ఇది. మన దేశంలో దీనికి 1961 నుంచి జాతీయ సంఘం ఉంది, స్కూల్ గేమ్స్‌లో చోటుంది. నిజానికి “ఛాన్స్ ఇవ్వట్లేదు” అనే గోలకు మందు ఈ ఆట నియమాల్లోనే ఉంది. ఆడేది తొమ్మిది మంది, ఇన్నింగ్స్ ఏడు, ఒక్కో ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు. అంటే మ్యాచ్ మధ్యలో ఆగిపోకపోతే ఓడిన జట్టులోనైనా 21 సార్లు ఎవరో ఒకరు బ్యాటు పట్టాల్సిందే. వరస తప్పకూడదు కాబట్టి తొమ్మిదో అమ్మాయికి కూడా కనీసం రెండుసార్లు వంతు వస్తుంది. మొదట బరిలో దిగిన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి ఇంకొకరిని ఆడించినా, తర్వాత ఒకసారి మళ్లీ దించే వీలుంది. క్రికెట్ తండ్రి కలలో కూడా ఊహించని సౌకర్యాలివి.

మరి సాఫ్ట్‌బాల్ తండ్రి సంతోషంగా ఉన్నాడా? ఆయన బెంగ ఇంకోటి. బిడ్డకు ఎన్ని ఇన్నింగ్స్ దక్కాయని ఆయన అడగడు. జాబితాలో పేరుందా, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు, ఇంటిపేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే పడిందా అని అడుగుతాడు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో క్రీడాకారులకు 0.5 శాతం సీట్లున్నాయి. టోర్నీ స్థాయిని, పతకాన్ని బట్టి ప్రాధాన్యం. సర్టిఫికెట్ మీద జట్టు పేరు, తేదీ ఉంటాయి గానీ ఆ అమ్మాయి ఎన్ని బంతులు ఆపిందో ఉండదు. కాబట్టి బెంచీ మీద కూర్చున్నా నష్టం లేదు. పైగా దెబ్బలు తగలవు, ఇంటర్ పరీక్షల ముందు చెయ్యి విరగదు. క్రికెట్ తండ్రికి ఆటే కావాలి, జట్టు ఓడినా ఫరవాలేదు. సాఫ్ట్‌బాల్ తండ్రికి జట్టే కావాలి, ఆట లేకపోయినా ఫరవాలేదు. ఇద్దరిలో ఎవరు మేలన్నది తేల్చడం కష్టం గానీ, కోచ్ ఫోనుకు మాత్రం రెండో ఆయనే నయం.

అమెరికావాళ్లు ఈ బెడదకు ఏనాడో నియమాలు రాసుకున్నారు. 1939లో పెన్సిల్వేనియాలో పుట్టిన లిటిల్ లీగ్, 1974లో సాఫ్ట్‌బాల్‌ను కలుపుకుంది. వాళ్ల లీగు మ్యాచ్‌లకు వచ్చిన ప్రతి పిల్లా ఒక్కసారైనా బ్యాటింగ్ చేయాలి, కనీసం ఆరు ఔట్లు పడేదాకా ఫీల్డింగ్‌లో ఉండాలి. అయినా తల్లిదండ్రుల నోరు ఆగలేదు. 1999లో ఒహాయోలో ఆడపిల్లల సాకర్ లీగు ఒకటి ఏకంగా ‘నిశ్శబ్ద ఆదివారం’ పెట్టి, పెద్దలెవరూ అరవకూడదంది. అక్కడి క్లబ్బుల్లో చాలావాటికి ఇంకో కట్టుబాటుంది: మ్యాచ్ అయ్యాక ఇరవై నాలుగు గంటలు గడిచేదాకా కోచ్‌తో ఆ ఊసెత్తకూడదు. కోపం చల్లారుతుందని వాళ్ల ఆశ. మన దగ్గర ఆ నియమం పెడితే కొంప మునుగుతుంది. ఇరవై నాలుగు గంటలు దొరికితే మనవాడు కార్పొరేటర్‌ను దాటి ఎమ్మెల్యే పీఏ దాకా వెళ్లిరాగలడు.

అతిశయోక్తి అనుకునేవారు హనుమ విహారి ఉదంతం గుర్తుచేసుకోవచ్చు. భారత్‌కు 16 టెస్టులాడినవాడు, సిడ్నీలో 2021లో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలిచి మ్యాచ్ కాపాడినవాడు. 2024 ఫిబ్రవరిలో, రంజీ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర నాలుగు పరుగుల తేడాతో ఓడాక, ఆయన బహిరంగంగా ఒక సంగతి రాశాడు. సీజన్ మొదటి మ్యాచ్‌లో జట్టులోని పదిహేడో ఆటగాణ్ణి గదమాయించానని, అతను రాజకీయ నాయకుడైన తండ్రికి చెప్పాడని, ఆ తండ్రి సంఘానికి చెప్పాడని, తన కెప్టెన్సీ పోయిందని. ఆ ఆటగాడు దీన్ని ఖండించాడు, సంఘమూ తన వాదన తాను వినిపించింది. ఇక ఆంధ్రకు ఆడనన్న విహారి, ప్రభుత్వం మారాక జూన్‌లో మంత్రి నారా లోకేష్‌ను కలిసి, మళ్లీ ఆడతానన్నాడు. ఎవరి మాట ఎంత నిజమో అటుంచితే, టెస్ట్ బ్యాటర్ మైదానంలోకి తిరిగొచ్చే దారి కూడా మంత్రిగారి గుమ్మం మీదుగానే పోయిందన్నది అందరూ చూసిందే. రంజీ స్థాయిలో ఇదీ వరస అయితే, మన్సూరాబాద్‌లో అండర్-12 కోచ్ తొమ్మిదో నంబరు దగ్గర చెయ్యి వణికించడంలో వింతేముంది?

ఇంత గొడవలో పిల్లాణ్ణి అడిగినవాడు లేడు. తండ్రి కోచ్‌తో వాదిస్తున్నంతసేపూ వాడు బూటు లేసు విప్పి కడుతూ, కట్టి విప్పుతూ ఉంటాడు. తోటి పిల్లలు వింటున్నారు. వచ్చే ఆదివారం కోచ్ వాణ్ణి ఓపెనింగ్ దింపుతాడనుకోండి, రెండో బంతికి బౌల్డయితే డగౌట్‌లో ఎవరు ఏమంటారో తండ్రికి తెలియదు, వాడికి తెలుసు. అందుకే నెట్స్‌లో దంచేవాడు మ్యాచ్‌లో బిగుసుకుపోతాడు. అప్పుడు పిచ్ బాగోలేదంటాడు తండ్రి. ఆడలేక మద్దెల ఓడని వెనకటికి ఎవరో అన్నారు, ఇక్కడ మద్దెలను నిందించేది ఆడనివాడు.

అకాడమీలు నడిపేవారికి ఒక విన్నపం. ఫీజు రసీదు వెనక తెల్లగా వదిలేస్తున్నారు కదా, అక్కడ మూడు వాక్యాలు అచ్చు వేయించండి. పన్నెండేళ్ల లోపు పిల్లలందరూ ప్రతి మ్యాచ్‌లో బ్యాటింగూ బౌలింగూ చేస్తారు, గెలుపు లెక్కలోకి రాదు. పన్నెండు దాటితే జట్టును కోచ్ ఎంచుతాడు, ఎందుకు ఎంచలేదో పిల్లలకే నేరుగా చెబుతాడు. ఈ రసీదు శిక్షణకే గానీ బ్యాటింగ్ ఆర్డర్‌కు చెల్లదు. చేర్పించే రోజునే తండ్రి చేత సంతకం పెట్టించండి. సంతకం పెట్టనన్నవాణ్ణి మర్యాదగా సాగనంపండి, ఒక ఫీజు పోతే పోయింది. సమ్మర్ క్యాంపుల అడ్మిషన్లు ఏప్రిల్ దాకా ఊపందుకోవు. ఈలోగా రసీదు బుక్కులు కొత్తగా వేయించుకోవచ్చు.