ప్రమాణాలకేం, ప్రతి ఏడూ చేస్తాం!

తెలుగులో ‘ప్రమాణం’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి ఒట్టు, రెండోది కొలత. ఫ్యాక్టరీల్లో భద్రతా ప్రమాణాలు ఉండి తీరాలని చట్టం అంటే మన పరిశ్రమల పెద్దల చెవికి మొదటి అర్థమే ఎక్కినట్టుంది. కొలత ప్రకారం నడవాలంటే ఖర్చవుతుంది. ఒట్టుకైతే ఒక షామియానా, ఒక మైకు, మనిషికో సమోసా చాలు.

1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఆ పుట్టినరోజునే జాతీయ భద్రతా దినం అంటున్నాం. ఒక్కరోజు చాలక దాన్ని వారం చేశాం. ప్రమాదాలు ఏడాది పొడవునా జరుగుతున్నప్పుడు భద్రతకు కనీసం ఒక వారమైనా కేటాయించకపోతే బాగుండదు కదా. ఆ వారంలో వ్యాసరచన, క్విజ్, పిల్లలకు బొమ్మల పోటీ, ఆడవాళ్లకు ముగ్గుల పోటీ. అన్నిటికంటే ముందు ప్రమాణం. షామియానా వేదిక మీదికే వస్తుంది కాబట్టి చేయించేవాళ్లు నీడలో ఉంటారు, చేసేవాళ్లు ఎండలో నిలబడతారు. వాల్వు మార్పించే అధికారం లేనివాడు, రియాక్టరు ఆపే అధికారం లేనివాడు, గ్లౌజు చిరిగితే ఇంకో జత అడగడానికి కూడా జంకేవాడు ప్రమాదం జరగనివ్వనని చెయ్యి చాపి ఒట్టు పెడతాడు. ఇవన్నీ చేతిలో ఉన్నవాడు ఒట్టు పెట్టిస్తాడు. పెళ్లిలో పురోహితుడికి మంత్రాలతోనే పని, కాపురంతో కాదు గదా. ఇదీ అంతే.

కొన్నేళ్ల కిందట అలాంటి ఒక వారోత్సవంలో స్లోగన్ల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఊరూ పేరూ చెప్పను. చెప్పినా ఒరిగేదేం లేదు, ఎక్కడికెళ్లినా అదే షామియానా. గేటు దగ్గర పెద్ద బోర్డు. ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు: 412’. అంకెలు ఏ రోజుకారోజు మార్చడానికి వీలుగా మేకులకు తగిలించిన పలకల మీద ఉన్నాయి. పలకలు ఆ ఉదయమే తుడిచినట్టున్నారు, తళతళలాడుతున్నాయి. సేఫ్టీ ఆఫీసరు నన్ను దానిముందు నిలబెట్టి ఫొటో కూడా తీయించాడు.

ప్రమాణం మొదలైంది. అందరూ కుడిచేతులు చాపారు. మూడో వరసలో ఒకతను మాత్రం ఎడమచెయ్యి చాపాడు. చిన్నప్పుడు డ్రిల్లు మాస్టారు కుడీ ఎడమా తెలియని పిల్లల్ని కొట్టడం గుర్తొచ్చి, పాపం కంగారు పడ్డాడేమో అనుకున్నాను. కాదు. అతని కుడిచేతికి మణికట్టు దాకా కట్టుంది. వేళ్లుండాల్సిన చోట కట్టు మరీ పొట్టిగా ఉంది.

“అదేంటండీ?” అన్నాను సేఫ్టీ ఆఫీసరుతో.

“చిన్న దెబ్బ సార్. డ్యూటీకి వస్తున్నాడు.”

“మరి బోర్డు మీద 412 అని...”

“డ్యూటీకి వస్తున్నాడు కదా సార్,” అన్నాడు మళ్లీ, చదువురాని వాడికి చెప్పినట్టు.

అందులోని శాస్త్రం నాకు తర్వాత బోధపడింది. అప్పటికి అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం దెబ్బ తగిలినవాడు 48 గంటలో అంతకు మించో పనిచేయలేకపోతేనే అధికారులకు తెలియజేయాలి. చట్టం రాసినవాళ్ల ఉద్దేశం చిన్నాచితకా గీతలకు కాగితాలు పెరగకూడదని. మనవాళ్లు దాన్ని వైద్యశాస్త్రంగా మార్చారు. వేళ్లు పోయినవాణ్ణి మర్నాడు కంపెనీ జీపులో ఎక్కించుకొచ్చి, గేటు దగ్గర ఎడమచేత్తో వేలిముద్ర వేయించి, స్టోర్ రూములో కుర్చీ వేసి కూర్చోబెడితే చట్టం కళ్లకు అతను ఆరోగ్యవంతుడు. దీన్ని ‘లైట్ డ్యూటీ’ అంటారు. పైగా అతను కాంట్రాక్టరు మనిషి. వేళ్లు కాంట్రాక్టరు వేళ్లు, మిషను కంపెనీ మిషను. రెండిటికీ చుట్టరికం లేదు. 413వ రోజుకు ఢోకా లేదు.

ఇక స్లోగన్లు. నూట యాభై దాకా వచ్చాయి. వాటిలో సగం ‘భద్రత’కు ‘బాధ్యత’తో ప్రాస కట్టినవే. ఈ రెండు మాటలూ తెలుగులో లేకపోతే మన పారిశ్రామిక సాహిత్యం గతి ఏమయ్యేదో! తక్కినవాటిలో హెల్మెట్టును కిరీటం చేసినవాళ్లున్నారు, కవచం చేసినవాళ్లున్నారు, ఇంటిదగ్గర పిల్లలు నాన్న కోసం ఎదురుచూస్తున్నారని ఏడిపించినవాళ్లున్నారు. ఒక చీటీ మాత్రం వేరేగా ఉంది. వంకర అక్షరాలతో, పెన్సిలుతో ఒకే వాక్యం: ‘నాలుగో నంబరు బెల్టుకు గార్డు లేదు, పెట్టండి.’

నేను దానికి ఫస్టు ప్రైజు వేశాను. ప్రాస లేదు, నిజమే. కానీ ఆ నూట యాభైలో భద్రత గురించి రాసింది అదొక్కటే. కమిటీ వాళ్లు మర్యాదగానే అడ్డుపడ్డారు. “ఇది స్లోగన్ కాదు సార్, కంప్లయింటు. కంప్లయింట్ల పెట్టె వేరే ఉంది.” చూశాను. పెట్టె ఉంది. తాళం ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో అక్కడెవరికీ తెలియదు. ఫస్టు ప్రైజు హాట్‌బాక్సు హెచ్.ఆర్. విభాగంలో పనిచేసే ఒకమ్మాయికి వెళ్లింది. మంచి ప్రాస, కాదనను.

ఇక్కడొక చిన్న పిడకల వేట. ‘ప్రమాదం’ అనే మాటను మనం దైవఘటన అనే అర్థంలో వాడుకుంటున్నాం. ‘ప్రమాదవశాత్తు మృతి’ అని రోజూ పేపర్లో చదువుతాం. సంస్కృతంలో ఆ మాటకు అసలర్థం ఏమరుపాటు, నిర్లక్ష్యం. అంటే ‘ప్రమాదవశాత్తు’ అని రాసిన ప్రతిసారీ విలేకరి తనకు తెలియకుండానే నేరారోపణ చేస్తున్నాడన్నమాట. కంపెనీల లాయర్లకు సంస్కృతం రాకపోబట్టి సరిపోయింది గాని, లేకపోతే ప్రతి పత్రిక మీదా పరువునష్టం దావా పడేది.

అయినా నిర్లక్ష్యమని ఒప్పుకునే అవసరం మనకు రాదు. ‘మానవ తప్పిదం’ అనే దివ్యౌషధం ఉంది. తప్పిదం ఎప్పుడూ మానవుడిదే, అందులోనూ చనిపోయిన మానవుడిది. అతను లేచొచ్చి వాదించడు. పన్నెండు గంటల షిఫ్టు వేసినవాడిదీ, పాడైన గేజీని ‘వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాం’ అని వాయిదా వేసినవాడిదీ మానవ తప్పిదం కిందికి రాదు. అది ‘యాజమాన్య నిర్ణయం’.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు ఉన్న ట్యాంకును చల్లబరచాల్సిన శీతలీకరణ యంత్రం అంతకు నెలల ముందే ఆపేసి ఉంది. వాయువును మండించాల్సిన గొట్టం విడదీసి ఉంది. వేల మంది పోయారు. 2010లో కోర్టు ఏడుగురు అధికారులకు రెండేళ్ల శిక్ష వేసింది. భోపాల్ దెబ్బకు 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి గట్టి చేశారు. ఎంత గట్టిగానంటే, భద్రతా నిబంధనలు మీరి మనిషి చావుకు కారణమైతే జరిమానా 25 వేలకు తగ్గకూడదన్నారు. వారోత్సవంలో ఫ్లెక్సీల ఖర్చు అంతకన్నా ఎక్కువవుతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్ ఆ కనీసాన్ని 5 లక్షలు చేసింది. పెంపే. పెద్ద కారు టైర్లు మార్పించినంత.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికొచ్చింది. 12 మంది చనిపోయారు. రోడ్ల మీద మనుషులు, పశువులు పడి ఉన్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ వేళ ఊరిని లేపాల్సిన సైరన్ మోగలేదు. మాక్‌డ్రిల్లులో, ముఖ్య అతిథి వాచీ చూసుకుంటుండగా, పదకొండు గంటలకు ఠంచనుగా మోగే సైరన్లు నేను చాలా విన్నాను. సైరన్‌కు కూడా ప్రేక్షకులు కావాలి కాబోలు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో, మధ్యాహ్న భోజనాల వేళ, మందుల ఫ్యాక్టరీలో సాల్వెంట్ కారి ఆవిరై పేలింది. 17 మంది. 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు. 54 మంది. వాళ్లలో ఎనిమిది మందికి ఆనవాళ్లు కూడా దొరకలేదు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన తల్లిదండ్రులు గేటు బయట ఫొటోలు పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డారు. ఎముక ముక్కకు కూడా నోచుకోనివాళ్లు ఇంటికి కాగితం తీసుకెళ్లారు.

ప్రతి పేలుడుకూ మన దగ్గర ఒక కర్మకాండ ఉంది. మొదటిరోజు దిగ్భ్రాంతి. రెండోరోజు పరామర్శ, కోటి రూపాయల ప్రకటన. మూడోరోజు ఉన్నతస్థాయి కమిటీ, రాష్ట్రంలోని అన్ని ఫ్యాక్టరీల్లోనూ సేఫ్టీ ఆడిట్‌కు ఆదేశం. పదకొండోరోజుకు వార్తకు కూడా దినం అయిపోతుంది. అన్ని ఫ్యాక్టరీలనూ ఆడిట్ చేయాలని అచ్యుతాపురం తర్వాత ఎందుకనిపించిందో, ముందెందుకు అనిపించలేదో అడక్కండి. ముందు మనం వేరే పరీక్షలో ఉన్నాం. 2016లో సులభతర వ్యాపారం ర్యాంకుల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి మొదటి ర్యాంకు తెచ్చుకున్నాయి. ఇన్‌స్పెక్టర్ల బెడద తప్పించి స్వీయ ధ్రువీకరణ పెట్టాం. నా ఫ్యాక్టరీ భద్రంగా ఉందని నేనే రాసిస్తాను, నువ్వు నమ్ము. మా ఊరి బడిలో ఒకసారి మాస్టారికి జ్వరమొస్తే మా పేపర్లు మమ్మల్నే దిద్దుకోమన్నారు. ఆ ఏడు ఎవరూ తప్పలేదు. పాత ఇన్‌స్పెక్టర్లు మాత్రం సత్యహరిశ్చంద్రులా అంటారా? కాదు. కవరు పుచ్చుకునేవాడు వస్తే ఆ ఒక్క పూటైనా మిషన్లకు గార్డులు తగిలించేవాళ్లు. ఇప్పుడా పూట కూడా లేదు.

కోటి రూపాయల సంగతి చూద్దాం. దాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు. లాటిన్ మాట, అర్థం ‘దయతో’. చంపినందుకు పరిహారం కాదది, దయ. దయ కాక హక్కుగా వచ్చేదెంత? 1923 నాటి పరిహార చట్టానికి ఒక ఎక్కాల పుస్తకం ఉంది. ఇప్పుడది మరో కొత్త కోడ్‌లో కలిసింది గాని ఎక్కం మారలేదు. జీతంలో సగాన్ని వయసుకు కట్టిన గుణకంతో హెచ్చవేయాలి. ఇరవై అయిదేళ్లవాడికి గుణకం 216.91. జీతం ఎంత ఎక్కువున్నా నెలకు 15 వేలకు మించి లెక్కగట్టకూడదని 2020లో పరిమితి పెట్టారు. ఏడున్నర వేలను హెచ్చవేస్తే 16,26,825 రూపాయలు. నలభై అయిదేళ్లవాడికి గుణకం 169.44. వెరసి 12,70,800. పేలుడు పెద్దదై, కెమెరాలొచ్చి, ముఖ్యమంత్రి దిగితే కోటి. ఒక్కడే నిచ్చెన మీంచి పడిపోతే ఎక్కాల పుస్తకం, అదీ కాంట్రాక్టరు ‘అతను మా మనిషి కాదు’ అనకపోతేనే. కాబట్టి కార్మిక సోదరులకు హితవు: చావక తప్పకపోతే గుంపులో, టీవీ వాళ్లకు దగ్గర్లో చావండి.

మరి తలుచుకోవడం? ఏప్రిల్ 28న ప్రపంచంలో చాలాచోట్ల పనిలో పోయినవాళ్లను తలుచుకుంటారు. 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఆ రోజును పాటిస్తోంది. మన ఫ్యాక్టరీల క్యాలెండర్లో మార్చి 4 ఉంది, ఏప్రిల్ 28 కనపడదు. ఒట్టుకు తేదీ ఉంది, ఒట్టు తప్పిన లెక్క చెప్పడానికి లేదు. నేను చూసిన ప్రతి ఫ్యాక్టరీ గేటులోనూ నల్లరాతి మీద శంకుస్థాపన చేసిన మంత్రిగారి పేరుంది, పక్కన కూర్చున్నవాళ్ల పేర్లున్నాయి. ఆ రాయి నిలబెట్టడానికి గుంత తవ్వినవాడి పేరు అడగను. లోపల చనిపోయినవాళ్ల పేర్లు ఎక్కడా చూడలేదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువకు తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు ఎనిమిది మంది చిక్కుకున్నారు. వారాల తరబడి తవ్వితే ఇద్దరి దేహాలు బయటికొచ్చాయి. మిగతా ఆరుగురికి ఆ సొరంగమే సమాధి. దాని మీద కూడా ఏ పేరూ లేదు.

ఆ ఫ్యాక్టరీ నుంచి ఈ ఏడు నాకు మళ్లీ పిలుపొచ్చింది. స్లోగన్ల పోటీకే. వస్తానన్నాను గాని ఒక చిన్న మార్పు కోరాను. ఈసారి ప్రమాణం ఫ్యాక్టరీలో వద్దు, కాణిపాకంలో పెట్టుకుందాం. అక్కడ కోనేట్లో మునిగి తడిబట్టలతో వినాయకుడి ముందు ఒట్టు వేస్తారు. అబద్ధపు ఒట్టును ఆ స్వామి ఊరికే వదలడని చిత్తూరు జిల్లాలో పసిపిల్లాడికి కూడా తెలుసు. యజమాని, ఫ్యాక్టరీ మేనేజరు, కాంట్రాక్టరు, ఆడిట్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినాయన, వీళ్లు చాలు. కార్మికులు అక్కర్లేదు, ఆ రోజుకు వాళ్లకు జీతంతో సెలవివ్వండి. ఒట్టు కూడా పెద్దదేం కాదు: ‘నాలుగో నంబరు బెల్టుకు గార్డు ఉంది.’ అంతే.

బస్సు మాట్లాడతాను, ఖర్చు నాదే. ఎంతమంది వస్తారో చెప్పండి.