పెన్‌గంగ సీమ నల్లరాయి ఆత్మకథ

ఆదిలాబాద్ జిల్లా గూడ, గోట్కూరు ప్రాంతాల్లో సున్నపురాయి పొరల నడుమ ఒక నల్లరాయి ఉంటుంది. చేత్తో రుద్దితే మసి అంటుతుంది. ఆ మాంగనీసు రాయి తన కథ తానే చెప్పుకుంటోంది.

తాను పుట్టింది సముద్రం అడుగున. కోట్ల ఏళ్ల కిందట నీళ్లలో కరిగిన మాంగనీసు ఆక్సిజన్‌తో కలిసి పొరలు పొరలుగా పేరుకుంది. సముద్రం పోయింది, పొర మిగిలింది. ఉక్కుకు బలాన్నిచ్చే ఖనిజమని మనుషులు తవ్వుకున్నారు.

ఇంతవరకు భూగర్భ శాస్త్రం చెబుతుంది. మిగతాది ఎలక్ట్రాన్ల కథ. రాయికి దగ్గరి చుట్టం మాంగనీసు మోనాక్సైడు. అందులో ప్రతి మాంగనీసు అయానుకు ఐదు డి-ఎలక్ట్రాన్లు, అంటే సగం నిండిన గదులు. మామూలు లెక్క ప్రకారం కరెంటు పారాలి. పారదు! పక్క అయాను మీదికి దూకబోయే ఎలక్ట్రాన్‌ను అక్కడున్నవి తోసేస్తాయి. 118 కెల్విన్ దాటి అయస్కాంత క్రమం చెదిరినా అది విద్యుద్బంధకమే.

ఈ తోపులాట శక్తిని లెక్కకట్టడమే కష్టం. ఎలక్ట్రాన్ల గతిశక్తి, కేంద్రకాల ఆకర్షణ ఒంటి ఎలక్ట్రాన్ సాంద్రతా మాత్రికతో, అంటే ఏ కక్ష్య ఎంత నిండిందో చెప్పే పట్టికతో, కచ్చితంగా వస్తాయి. తోపులాటకు మాత్రం జంటల సమాచారం కావాలి. భూస్థితిలో, అంటే అతి తక్కువ శక్తి స్థితిలో, అది కూడా ఆ మాత్రికలోనే దాగి ఉంటుందని 1975లో గిల్బర్ట్ నిరూపించాడు. దాన్ని బయటికి తీసే సూత్రం మాత్రం ఆయన ఇవ్వలేదు.

అందుకే అంచనాలు. ఒక కక్ష్య 0.9, ఇంకొకటి 0.1 వంతు నిండాయనుకుందాం. తోపులాట శక్తిలోని వినిమయ భాగానికి హార్ట్రీ-ఫాక్ పద్ధతి రెంటి లబ్ధం 0.09 వాడుతుంది. 1984లో ముల్లర్ దాని వర్గమూలం 0.3 వాడాడు, అయితే మొత్తం శక్తి ఉండాల్సినదానికంటే కిందికి దిగిపోయింది. 2008లో సంగీతా శర్మ, డ్యూహర్స్ట్, లాథియోటాకిస్, గ్రాస్ మధ్యేమార్గం పట్టారు: లబ్ధాన్ని సగానికీ ఒకటికీ నడుమనున్న ఘాతానికి ఎత్తారు. ఘాతం 0.65 అయితే విలువ 0.21.

ఇంత చిన్న సవరణే రాయి చుట్టాల తలరాత మార్చింది. అయస్కాంత క్రమం ఊతం లేకుండానే మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెల్ మోనాక్సైడులు బంధకాలేనని శర్మ బృందం 2013లో లెక్కకట్టి చూపింది.

రాయికి ఇంకా ఒక కోరిక ఉంది. చుట్టంలో మాంగనీసు అంతా ఒకే ఆవేశంతో ఉంటుంది. తనలాంటి ఖనిజాల్లో మూడు, నాలుగు ధనావేశాలవి కలిసి ఉంటాయి. ఆ చిక్కు లెక్కను ఆదిలాబాద్, కరీంనగర్ కాలేజీల పిల్లలెవరైనా చేపట్టాలని, ఘాతాన్ని ఎంచుకునే పని తప్పించే సూత్రం కూడా వాళ్లే వెతకాలని అడుగుతోంది.