ఒక్క కుక్కతో స్నేహం: పుస్ అనే కుందేలు ఆత్మకథ

నన్ను పెంచిన కవిగారి మాటల్లో ఒక్కదాన్ని నేను ఒప్పుకోలేను. కుక్కకూ కుందేలుకూ పుట్టుకతో వైరం లేదనీ, కుక్క తరుముతుంది కాబట్టే కుందేలు పరుగెడుతుందనీ, ఆ తరమడం కూడా మనిషి నేర్పిన విద్యేననీ ఆయన 1784 జూన్‌లో లండన్ నుంచి వెలువడే జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో రాశారు. అందుకు ఆయన చూపిన సాక్ష్యం నేనే. నా పేరు పుస్. ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్‌కు చెందిన ఓల్నీ అనే ఊళ్లో, విలియం కూపర్ ఇంట పెరిగాను. 1786 మార్చి 9న, పదకొండేళ్ల పదకొండు నెలల వయసులో, ముసలితనంతో బాధ లేకుండా పోయానని ఆయనే రాసిపెట్టారు. మార్క్విస్ అనే స్పానియల్ కుక్కా నేనూ ఒకే చేతి నుంచి రొట్టె తిన్న మాట నిజం. నేను దాన్ని చూసి బెదరలేదు, అది నా మీదికి రాలేదు. అయితే ఇంత చిన్న నిజం మీద రెండు జాతుల స్వభావం గురించి అంత పెద్ద తీర్పు నిలవదు. ఆ తీర్పును నమ్మి ఎవరైనా చేలో దొరికిన కుందేలు పిల్లను కుక్కలున్న ఇంటికి తెచ్చుకుంటే ప్రాణం పోయేది పిల్లకే. అందుకే నేను మాట్లాడుతున్నాను.

ముందుగా ఆయన మమ్మల్ని ఎలా చూసుకున్నారో చెప్పాలి. నా అభ్యంతరం ఆయన ప్రేమ మీద కాదు. 1774 నాటికి ఆయన మనసూ ఒళ్లూ రెండూ చెడి ఉన్నాయి. పుస్తకం పట్టలేరు, నలుగురిలో కూర్చోలేరు, అలాగని ఏ వ్యాపకమూ లేకుండా ఉండనూ లేరు. పొరుగింటి పిల్లలకు ఎవరో ఆడుకోమని ఇచ్చిన మూడు నెలల కుందేలు పిల్ల, వాళ్లకు మోజు తీరి రోజురోజుకీ చిక్కిపోతుంటే, వాళ్ల తండ్రి దాన్ని తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయనకు కుందేళ్లంటే ఇష్టమని తెలిశాక ఊళ్లోవాళ్లు తెచ్చి ఇవ్వబోయిన పిల్లలకు లెక్క లేదు. వాటిలో మూడింటినే ఉంచుకున్నారు: నేను, టైనీ, బెస్. పేర్లు ఎలా ఉన్నా ముగ్గురమూ మగవాళ్లమే. పడుకోవడానికి ఎవరి గూడు వారికి ఆయనే కట్టారు. గూళ్లు ఎప్పుడూ శుభ్రంగా ఉండేలా ఏర్పాటు చేశారు. పగలంతా హాలులో తిరిగేవాళ్లం, రాత్రికి ఎవరి గూటికి వాళ్లం చేరేవాళ్లం. లెట్యూస్, డాండెలైన్ ఆకులు, పచ్చి పైరు, గడ్డి, చలికాలంలో క్యారెట్, వీటితోపాటు సన్నటి తెల్ల ఇసుక కూడా మాకు కావాలని ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, మమ్మల్ని గమనించి తెలుసుకున్నారు. కుందేలు గురించి అంత దగ్గరగా చూసి రాసినవాళ్లు ఆ కాలంలో అరుదు.

ఆ చూపుకు దొరికిన గొప్ప విషయం ఒకటుంది. మేం ముగ్గురం మూడు రకాలమని ఆయన స్పష్టంగా రాశారు. ముఖం చూసే ఎవరు ఎవరో గుర్తుపట్టగలనన్నారు. నేను మెల్లమెల్లగా మచ్చికైనవాణ్ణి. జబ్బు పడ్డప్పుడు ఆయన నన్ను తక్కినవాళ్లకు దూరంగా ఉంచి సాకారు. కోలుకున్నాక ఆయన చెయ్యంతా, వేళ్ల సందుల్లో సహా, నాకాను. ఆ తర్వాత తోటకు వెళ్దామన్నప్పుడు ఆయన మోకాలి మీద ముందుకాళ్లతో తట్టేవాణ్ణి, కోటు అంచు పళ్లతో పట్టి లాగేవాణ్ణి. టైనీకి కూడా అదే చెయ్యి, అదే తిండి, జబ్బు చేస్తే అదే సేవ దక్కాయి. అయినా వాడు చివరిదాకా లొంగలేదు. నిమరబోతే గుర్రుమనేవాడు, ముందుకాళ్లతో కొట్టేవాడు, ఎగిరి కరిచేవాడు. బెస్‌ను మచ్చిక చేయవలసిన పనే లేకపోయింది. వాడు మొదటి నుంచీ ధైర్యంగా, చనువుగా ఉన్నాడు. ఇంట్లో పిల్లి ఒకసారి చెంప మీద తడితే, దాని వీపు మీద ముందుకాళ్లతో దరువు వేసి తరిమాడు. ఒకే ఇల్లు, ఒకే యజమాని, దాదాపు ఒకే వయసు. ఫలితాలు మాత్రం మూడు. దీనికంటే మంచి పరిశీలన నాకు తెలియదు. కుందేలు మచ్చికవుతుందా అన్న ప్రశ్నకు ‘ఏ కుందేలు?’ అని తిరిగి అడగాలని ఆ ఇల్లే చూపించింది. అంతా తానే చూపించిన కవిగారు, అదే లేఖ చివరకు వచ్చేసరికి, ఒక్క కుందేలునూ ఒక్క కుక్కనూ పట్టుకుని రెండు జాతుల మీద తీర్పు చెప్పేశారు.

ఆ చివరి పరీక్ష ఎలా జరిగిందో చూద్దాం. మార్క్విస్ అంతకుముందు కుందేలును చూడలేదు, నేను స్పానియల్‌ను చూడలేదు. మమ్మల్ని కలిపేటప్పుడు ఆయన చాలా జాగ్రత్త తీసుకున్నారు, తర్వాత ఆ జాగ్రత్త అక్కర్లేకపోయిందని రాశారు. కానీ అప్పటికి నాకు పదేళ్లు నిండాయి. మునుపటిలా గంతులు వేయడం మానేసి నిదానించానని ఆ లేఖే చెబుతోంది. బెస్ ఎదిగిన కొన్నాళ్లకే పోయాడు, టైనీ అంతకుముందు ఏడాది పోయాడు. అంటే కుక్క ముందుకు వచ్చింది నేను, ముగ్గురిలో మిగిలిన ఒక్కణ్ణి, పదేళ్లపాటు మనిషి చేతుల్లో నలిగినవాణ్ణి, పరుగు తగ్గినవాణ్ణి. కుక్కలో వేటను లేపేది ప్రధానంగా కదలిక, అందులోనూ ఎదుటినుంచి దూరంగా పారిపోయే కదలిక. ఆ కదలికే నాలో లేదు. ఎగిరి కరిచే టైనీ అక్కడ ఉండి, మార్క్విస్ మూతి మీద కొట్టి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు దూకి ఉంటే ఏం జరిగేదో ఆ లేఖ చెప్పలేదు, చెప్పడం దానికి సాధ్యమూ కాదు. తేలికగా నెగ్గేవాడి మీద మాత్రమే చేసిన పరీక్షతో తక్కినవాళ్లకు ధీమా ఇవ్వకూడదు.

తరమడం మనిషి నేర్పినదన్న మాటలో సగం నిజముంది. నేను ఓల్నీలో తోటలో తిరుగుతున్న రోజుల్లోనే, 1776లో, నార్‌ఫోక్‌లోని స్వాఫమ్‌లో ఆర్‌ఫర్డ్ ప్రభువు కుందేళ్ల మీదికి గ్రేహౌండ్లను ఉసిగొల్పే పందేల కోసం ఒక సంఘమే పెట్టాడు. ఆ కుక్కల వేగాన్నీ, చూపునూ తరతరాలుగా ఏరికోరి పెంచింది మనుషులే. స్పానియల్‌ను కూడా పొదల్లో దాగినవాటిని లేపడానికీ, పడ్డవాటిని తేవడానికీ పెంచారు. అయితే ఇలా ఏరి పెంచినది శిక్షణ మానేసినంత మాత్రాన పోదు, అది రక్తంలోకి దిగిపోయింది. దీనికి సాక్ష్యం కూడా కవిగారి ఇంటి నుంచే ఉంది. నేను పోయాక ఆయనకు బో అనే మరో స్పానియల్ దక్కింది. కడుపునిండా తినే ఆ ముద్దుల కుక్క ఒక పక్షిపిల్లను చంపింది. ఆయన 1793లో ఆ కుక్కను మందలిస్తూ ఒక కవిత రాశారు. దాని తరఫున జవాబు కూడా తానే రాశారు, అందులో కుక్క తనను ఆ పనికి పురిగొల్పింది ప్రకృతేనని వాదిస్తుంది. నా విషయంలో చేసిన తీర్పును ఆయనే తొమ్మిదేళ్ల తర్వాత సవరించుకున్నారని నేను ఆ కవితను చదువుకుంటాను.

ఇక కుందేలు వైపు నుంచి చూస్తే, మనుషులు మమ్మల్ని తప్పుగా అర్థం చేసుకోవడానికి మా పుట్టుకలోనే కారణముంది. బొరియలో గుడ్డిగా, బోడిగా పుట్టే చెవులపిల్లులు వేరు, అడవి కుందేళ్లు వేరు. మేం నేల మీదే, ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచి పుడతాం. తల్లి మమ్మల్ని గడ్డిలో వదిలి దూరంగా ఉంటుంది. రోజుకు సాధారణంగా ఒక్కసారి, పొద్దు గూకాక వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. ఆవుపాల కంటే ఆ పాలలో కొవ్వు కొన్ని రెట్లు ఎక్కువ, అందుకే ఒక పూట సరిపోతుంది. అందుకే ఆవుపాలు పట్టిన పిల్లలు తరచూ కడుపు చెడి పోతాయి. తల్లి లేని వేళ పిల్లకున్న రక్ష ఒక్కటే, కదలకుండా ఉండటం. దాన్ని చూసిన మనిషి ‘పాపం, తల్లి వదిలేసింది’ అనుకుంటాడు. ఎత్తుకుంటే చేతిలో కిమ్మనకుండా ఉండేసరికి ‘ఎంత సాధువో’ అనుకుంటాడు. కుక్క వచ్చి మూతితో ముట్టినా కదలకపోతే ‘స్నేహమైపోయింది’ అనుకుంటాడు. మూడు చోట్లా చూసింది ఒకే భయాన్ని. మార్క్విస్ ముందు నాకు భయం లేదన్నది నా మటుకు నిజమే. కానీ నమ్మకంతో కదలని కుందేలూ, బిగుసుకుపోయి కదలని కుందేలూ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియడానికి కవిగారికే ఏళ్లు పట్టింది.

నామీద వచ్చే అభ్యంతరాల్లో గట్టిది గిల్బర్ట్ వైట్ అనే ప్రకృతి పరిశీలకుడిది. సెల్బోర్న్ అనే ఊరి గురించి 1789లో అచ్చయిన పుస్తకంలో ఆయన, పిల్లల్ని పోగొట్టుకున్న ఒక పిల్లి కుందేలు పిల్లకు పాలిచ్చి పెంచిన సంగతి రాశారు. వేటాడే జంతువే తల్లి కాగలిగినప్పుడు కుక్క నేస్తం కాకూడదా అని అడగవచ్చు. కావచ్చు. కానీ ఆ పిల్లి పొదుగు నిండుగా ఉంది, ఒడి ఖాళీగా ఉంది. అది ఒక పిల్లికీ, ఒక పిల్లకూ సంబంధించిన సంగతి. ఆ పిల్లి తర్వాత ఎదురైన కుందేలు పిల్లలన్నింటినీ సాకిందని వైట్ రాయలేదు. బంధం ఇద్దరి మధ్య పుడుతుంది, అక్కడే ఉంటుంది. మార్క్విస్‌తో నాకున్నది మరో కుక్కకు చెల్లదు. పెద్ద లెక్కలోనూ ఇదే కనిపిస్తుంది. రోమన్లు గోడలు కట్టిన ఆవరణల్లో కుందేళ్లను ఉంచేవారని వర్రో అనే రోమన్ రచయిత రాశాడు. అప్పటినుంచి రెండు వేల ఏళ్లలో చెవులపిల్లి ఇంటి జంతువైంది, మేం కాలేదు.

నేను దాదాపు పన్నెండేళ్లు బతికాను కదా, పొలాల్లో అన్నేళ్లు బతికే కుందేలు ఎక్కడుందని మరొకరు అడగవచ్చు. నిజమే, బయట చాలామందికి కొన్నేళ్లే దక్కుతాయి. కానీ నా ఏళ్ల పక్కన బెస్‌ను కూడా నిలబెట్టాలి. గూడు కడిగి, ఇంకా తడిగా ఉండగానే లోపలికి పంపడంతో వాడు పోయాడు. అంత జాగ్రత్త ఉన్న ఇంట్లోనే! టైనీ ఎక్కడినుంచో పడి నడుము దెబ్బతిని పోయాడు. నా వయసును మాత్రమే చెప్పి వాళ్లను చెప్పకపోతే లెక్క తప్పుతుంది.

మరి ఆయన మమ్మల్ని తీసుకోకుండా ఉండాల్సిందా? అలా అనను. పిల్లల చేతుల్లో చిక్కిపోతున్న పిల్లను వెనక్కి పంపడం దయ కాదు. చేతుల్లో పెరిగిన దాన్ని తర్వాత అడవిలో వదలడం కూడా చాలాసార్లు చంపడమే. ఆ లేఖతో వేటగాళ్ల మనసు మార్చాలన్నది ఆయన కోరిక, ఆ కోరికకు నేను రుణపడి ఉన్నాను. అయితే మమ్మల్ని కాపాడటానికి కుక్కలో వైరం లేదని నిరూపించనక్కర్లేదు. ఇంగ్లండు, వేల్సుల్లో కుక్కలతో కుందేళ్ల పందేలను నిషేధించింది 2004లో చేసిన చట్టం. అందుకు కుక్కలు మారలేదు, మనుషులు తమ చేతిలోని గొలుసును బిగించారు. దక్కను మెట్టల్లో, కంది, వేరుశనగ చేలల్లో తిరిగే నల్లమెడ కుందేలును కూడా భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షిస్తుంది, పట్టి పెంచుకోవడం నేరమవుతుంది. కోతల్లో పిల్ల కనబడితే, యంత్రం దారిలో ఉంటే మాత్రమే నాలుగడుగుల పక్కకు గడ్డిలోకి జరపాలి. గాయపడితే అటవీశాఖవారికో, పశువైద్యుడికో అప్పగించాలి. గాయం లేకపోతే పిల్లను అక్కడే ఉంచి, కుక్కను ఇంటికి తీసుకుపోవాలి.