పేరు జౌల్‌ది, పెత్తనం యూనిట్‌ది

శక్తిని కొలవడానికి దేశాలన్నీ ఒప్పుకున్న ప్రమాణం జౌల్. వంద గ్రాముల పంచదార పొట్లాన్ని మీటరెత్తుకు లేపితే ఖర్చయ్యేది సుమారు ఒక జౌల్. ఇంత చిల్లరతో కాపురం సాగదు కనుక కరెంటు మీటరు 36 లక్షల జౌళ్లను ఒక్క మూట కట్టి యూనిట్ అంటుంది; పుస్తకాల్లో దాని పేరు కిలోవాట్-అవర్. మనిషికి రోజుకు కావాల్సిన 2,000 కేలరీలు (నిజానికవి కిలోకేలరీలు, డైటు చెప్పేవాళ్లు ముందుగా మింగేది ఆ 'కిలో'నే) ఈ లెక్కన 2.3 యూనిట్లు. రాత్రీపగలూ వెలిగే వంద వాట్ల పాత బల్బుకు 2.4 కావాలి. అంటే ఇంటి యజమాని బల్బు కన్నా కాస్త పొదుపే. వెలుగు సంగతి వేరు.

బోరు మోటారు దగ్గర హార్స్‌పవర్ రాజ్యం. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోడానికి, గుర్రం నిమిషానికి 33,000 అడుగు-పౌన్ల పని చేస్తుందని లెక్కగట్టాడు. అది 746 వాట్లు. పొద్దస్తమానం అలా లాగే గుర్రాన్ని వెతకడం కష్టం. యూరప్ మెట్రిక్ గుర్రం మరీ బలహీనం, 735.5 దగ్గరే ఆగిపోతుంది.

ఏసీని టన్నుల్లో అమ్ముతారు. అది ఏసీ బరువైతే గోడ ఎప్పుడో కిందికి దిగేది. అమెరికా టన్ను, అంటే 907 కిలోల ఐసు, 24 గంటల్లో కరుగుతూ పీల్చుకునే వేడి ఆ టన్ను: 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి 5.3 కిలోవాట్ల వేడిని బయటికి తోస్తుంది, కరెంటు మాత్రం అందులో మూడో వంతో, ఇంకా తక్కువో తీసుకుంటుంది. అది వేడిని మోసే కూలీ మాత్రమే.

ముడి చమురు ధర పీపాల్లో చెబుతారు, పీపాకు 159 లీటర్లు. ఓడలో వెతికితే ఒక్క పీపా కనబడదు.

అసలు చిక్కు గ్యాస్‌తో. బండలో 14.2 కిలోలు, కిలోకు 46 మెగాజౌళ్లు, మొత్తం సుమారు 180 యూనిట్లు. అయితే ఈ 46 నికర కెలోరిఫిక్ విలువ. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో దాగిన వేడిని నష్టం కింద రాసేసిన పద్దు ఇది. దాన్నీ కలిపితే స్థూల విలువ, దాదాపు 50. యూరప్‌లో కండెన్సింగ్ బాయిలర్లు ఆ ఆవిరిని నీరుగా మార్చి, దాగిన వేడినీ రాబట్టుకుంటాయి. వచ్చినదాన్ని మాత్రం పాత అలవాటు కొద్దీ నికర విలువతోనే భాగించేవారు. దాంతో కేటలాగుల్లో సామర్థ్యం వంద శాతం దాటింది. థర్మోడైనమిక్స్‌కు వచ్చిన ముప్పేమీ లేదు. లవం ఒక పద్దులోంచి, హారం ఇంకో పద్దులోంచి వచ్చాయంతే.